అత్వెల్లి కడుపునొప్పి

ఏందీ, కడుపునొప్పా? మళ్లొక్కసారి అను జనార్ధన్. నా చెవులు మంచిగనే పనిజేస్తున్నయి గని, నీ నోట్లకెళ్లి ఇంకోసారి వినాలనిపిస్తాంది. నీకు చిన్నమ్మను, ముప్పై ఏండ్లు బడిల పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. నాకే చెప్తున్నవా కడుపునొప్పి అని.

కూసో ముందు. గా కుర్చీ కాదు, దాని కాలు ఊగుతది. గీ బల్ల మీద కూసో. బయట నీ డ్రైవర్‌కు చెప్పు, ఇంజను బందు పెట్టుమని. గిట్లొచ్చి గట్ల తోల్కపోత అంటే నడువది. మనోరమ లోపటి అర్రల పండుకున్నది. నాలుగొద్దుల సంది కన్ను మూయని మనిషి, ఇప్పుడిప్పుడే కునుకు తీస్తాంది. నీ పెండ్లాన్ని నేనేం దాసిపెట్టుకోలే. లేసినంక ఆమెతోనే మాట్లాడు. అప్పటిదాక నాతోని. మాట్లాడుడు గుడ వద్దు, విను.

నిన్న దవాఖానకెళ్లి నీకు చెప్పకుండ ఆమెను ఆటోల నా ఇంటికి తెచ్చుకున్న, నిజమే. నువ్వు మండలాఫీసుల మీటింగుల ఉన్నవట. మరి ఉండవా, ఓట్లొస్తున్నయి గద.

చూడు బిడ్డా, నువ్వు రెండు తప్పులు చేసినవ్. మొదటిది చెప్త, మంచిగ అర్థం చేసుకో.

సోమారం పొద్దుగాల ఏమైందో నీకు తెలుసు, నాకు తెలుసు. మనోరమ పాణం తీసుకోబోయింది. గా మాట గట్లనే అంటున్న, మొఖం తిప్పకు. నాలుగొద్దులల్ల మన ఇండ్లల్ల ఎవలూ గా మాట అనలే. నువ్వూ నేనూ కారు ఎనుక కూసొని, ఆమె తల నా ఒళ్లె పెట్టుకొని మేడ్చల్‌ల నర్సింగ్ హోముకు ఉరికినం. తొవ్వ పొడుగూత "మనో, మనో" అనుకుంట వచ్చినవ్. లోపలికి పోంగనే కౌంటర్ కాడి పిల్ల ఏమైందని అడిగె. నువ్వు కండ్లు తుడుసుకొని, గొంతు సవరించుకొని, మీటింగుల మైకు అందుకున్నట్టు చెప్పితివి. "కడుపునొప్పమ్మా, తట్టుకోలేకపోతాంది" అని.

నువ్వు కనిపెట్టిన మాటేం కాదది. మన దిక్కు ఎవలన్న తమంతట తాము పోతే పేపర్ల ఏం రాస్తరు? కడుపునొప్పి భరించలేక. ఇంటోళ్లు ఏం చెప్తరు? కడుపునొప్పి భరించలేక. మేడ్చల్, శామీర్‌పేట ఊర్లల్ల నా ఎరుకల ఇంతమందికి కడుపునొప్పి వచ్చిందంటే, సర్కారోళ్లు వచ్చి మన బోరునీళ్లు పరీక్ష చేయాలె.

పోయినోళ్ల మీద గా మాట కప్పి పంపిస్తిరి. సరే. బతికున్న మనిషి మీద ఎందుకు కప్పుతున్నవ్?

ఇగ గా మాటతోని ఏమైందో సూడు. డాక్టరు పాణం నిలవెట్టిండు, ఆయన పని ఆయన చేసిండు. డిశ్చార్జి చేసేటప్పుడు కడుపుకు తెల్లమందు సీసా రాసిచ్చిండు, పొద్దున రెండు చెంచాలు, మాపటికి రెండు. చెప్పింది గదే గద, రాసింది గదే. మీ అక్క బార్లీ నీళ్లు తెచ్చె. మీ మేనత్త సగ్గుబియ్యం జావ కాసుకొచ్చె. మా పక్కింటి లక్ష్మమ్మ వాము వేయించి పొట్లం కట్టుకొచ్చె. వచ్చినోళ్లంత ఆమె పొట్ట దిక్కు సూసుడే. మొఖం దిక్కు సూసినోళ్లు ఒక్కలున్నరా?

హాస్టల్ల ఉన్న మీ శ్రీజకు గుడ ఫోన్ చేసి గట్లనే చెప్పినవట. పాపం ఆ పిల్ల "బయటి తిండి తినకు మమ్మీ" అన్నదట.

నిన్న దవాఖానల చీర మార్పిస్తుంటె మనోరమ నా చెవుల ఒక మాట చెప్పింది. ఏం చెప్పుంటదనుకున్నవ్? "అత్తమ్మా, నాకు మస్తు ఆకలైతాంది. ఎవలూ అన్నం పెడ్తలేరు" అన్నది.

నవ్వాల్నో ఏడ్వాల్నో నాకు తెల్వలే. సావాలనుకున్న మనిషి ఆకలైతాందని అడిగితె, గంతకన్న మంచి కబురు ఏముంటది? గా మనిషికి మనం గంజి పోసినం. అబద్ధమాడింది నువ్వు, పస్తులున్నది ఆమె. ఇంటికి తెచ్చి వేడన్నంల ఎల్లిపాయ కారం ఏసి, పచ్చిపులుసు పోసి పెట్టిన. రెండుసార్లు మారు అడిగింది. సీసా గా కిటికీల ఉన్నది సూడు, నీకు కావాల్నంటే తీస్కపో. గీ నాలుగొద్దులు నీకే మంట లేసినట్టున్నది లోపల.

ఆగు, పూర్తిగాలే. ఇంకో ముచ్చట చెప్త.

పోయిన ఎండాకాలం నాకు కడుపునొప్పి వచ్చింది. నిజం కడుపునొప్పి, పిత్తంల రాయి. పొద్దుగాల వాకిలి ఊడ్సుకుంటనే కింద కూలవడ్డ. గోడ అవతల లక్ష్మమ్మ బట్టలు ఆరేస్తాంది. "లక్ష్మమ్మా, కడుపునొప్పి భరించలేకున్ననే" అన్న. నేనన్నది గంతే.

అరే, పొయ్యి మీద పాలు పొంగే లోపల ఇల్లు నిండింది. లక్ష్మమ్మ నా చెయ్యి పట్టుకున్నది చూడు, ఇడిస్తె ఒట్టు. బుచ్చమ్మ తలుపు గొళ్లాలన్ని చూసుకుంట తిరుగుతాంది. ఇంకొకామె "కొడుకు ఏమన్న అన్నడా టీచరమ్మా, మాతోని చెప్పరాదు, దిల్ల పెట్టుకోకు" అని కండ్ల నీళ్లు పెట్టుకున్నది. "మీరు లేకపోతె మా పిల్లలకు సంతకం రాకపోవు" అని ఇంకొకామె. నేను నొప్పితోని మెలికలు తిరుగుతున్న, వీళ్లు నన్ను మురిపిస్తున్నరు. ఒక్కలంటె ఒక్కలు గింత వాము తెచ్చిచ్చినోళ్లు లేరు.

ఆటో మాట్లాడుమని నేను కేకలు పెడితె గని దవాఖానకు పోలే.

అర్థమైతాందా జనార్ధన్? కడుపునొప్పి అంటె ఏందో అత్వెల్లిల అందరికీ తెలుసు. తెలిసీ, కడుపునొప్పి ఉన్న నాకు తోడు కూసున్నరు. దిల్ కాలిపోతున్న మనోరమకు వాము తెచ్చిన్రు. అంత ఉల్టా. మా ఊరి ఆడోళ్లకు చాతకాక కాదు. గట్లాంటి మనిషి పక్కన ఎట్ల కూసోవాల్నో, చెయ్యి ఎట్ల పట్టుకోవాల్నో, ఏం అడగాల్నో వాళ్లకు మంచిగ తెలుసు. నా ఇంట్లనే పరీక్ష రాసి చూపిచ్చిన్రు. మరి మనోరమ కాడికొచ్చేసరికి ఏమైంది? నువ్వు కడుపునొప్పి అని ఒక పరదా కట్టితివి. పెద్దింటి పరదా, తీసే ధైర్యం ఎవలికుంటది?

ఏమంటున్నవ్? గట్టిగ అను. ఆమెకేం తక్కువ చేసిన అంటున్నవా?

ఊరు గుడ గదే అంటాంది లే. ఇల్లున్నది, కారున్నది, రోడ్డు మీద ప్లాట్లున్నయి, పెనిమిటి తాగడు, కొట్టడు. తిన్నదరగక చేసింది అంటున్రు. నా చెవులారా విన్న. ఇక్కడ గుడ మళ్లా పొట్ట ముచ్చటే. పేదోళ్లు పోతె కడుపునొప్పి, ఉన్నోళ్లు పోతె తిన్నదరగక. మనసు అనేది ఒకటుంటదని మన భాషల మాటే లేనట్టు.

జరమొచ్చినోన్ని పట్టుకొని, నీకేం తక్కువైందిరా జరమొచ్చె అని అడుగుతవా? తక్కువైతేనే వస్తదా? గది గుడ గసొంటి రోగమే. వచ్చింది. ఎందుకొచ్చిందో ఆమెకే తెల్వది. "మీ కొడుకు మంచోడే అత్తమ్మా, పిల్ల మంచిదే, నాకే పొద్దున లేస్తె తెల్లారనట్టుంటది" అన్నది. నీ మీద ఒక్క శికాయతు చెప్పలే. నువ్వు కారణం కాదు. ఖుషీగున్నదా? లేదు గద. కారణం దొరికితె దానితోని కొట్లాడెటోనివి. నీకు కొట్లాడెతందుకు ఏం దొరుకుతలేదు, గందుకే పరేషానున్నవ్.

ఇంకొకటి. మొన్న బతుకమ్మ పండుగకు ముందు ఆమె పట్టుచీరలన్ని తీసి మీ అక్కచెల్లెండ్లకు, వరసైనోళ్లకు పంచిపెట్టింది. నువ్వు అందరి ముందట ఏమన్నవ్? "మా మనోరమది పెద్ద చెయ్యి" అని మురిసితివి. నాకు ఒక్కటి గుడ ఇయ్యలే. ఇచ్చుంటె ఎందుకిస్తున్నవే అని అడుగుదును.

నేను శామీర్‌పేట బడిల ఉన్నప్పుడు చెరువు కాడ గండయ్య అని ఉండె, చేపలు పట్టెటోడు. ఒకనాడు తన వల తీస్కపోయి సోపతిగాడు లింగంకు ఇచ్చిండు. ఉంచుకోరా, నాకెందుకింక అన్నడట. లింగం సంబురపడి చాయ తాపిచ్చిండు. చేపలు పట్టెటోడు వల ఇచ్చిండంటె ఏం ఇచ్చినట్టు? ఎవలూ ఆలోచించలే. అంతకు ముందు హోటల్ కాడ, "నేనింక ఎన్నొద్దులుంట" అని నోరు తెరిచి అన్నడు గుడ. మొరిగే కుక్క కరవదని నవ్విన్రు. చస్త అన్నోడు చావడట. ఎవడు చెప్పిండు? చస్త అన్నోడు, బతకనియ్యిర్రి అని అడుగుతున్నడు. గా మాట మన చెవులకు ఉల్టా వినవడ్తది.

గండయ్య పోయిండు. ఏం రాసిన్రు? గదే. పెండ్లాం ఐలమ్మను ఏమడిగిన్రు? "నువ్వేమన్నవే వాన్ని" అని. లింగం మాత్రం గా వల మళ్లా నీళ్లల్ల ఏయలే. ఎండల్ల ఎలిసిపోయింది గోడకు.

సరే, కండ్లు తుడుసుకో. తువ్వాల గీడనే ఉన్నది.

నిన్న పొద్దుగూకంగ మేమిద్దరం గీ బల్ల మీదనే కూసొని చిక్కుడుకాయ ఒలుస్తున్నం. నేను అడిగిన. సీదా అడిగిన. "మనోరమా, మళ్లా సావాలనిపిస్తాందా?"

ఎందుకట్ల చూస్తున్నవ్? అడిగితె యాది చేసినట్టయితదనా? ఆమె మర్చిపోయి కూసున్నదా నేను యాది చేసెతందుకు? పొయ్యి మీద పాలు పొంగుతున్నయా అని అడిగితె పాలు పొంగుతయా బిడ్డా. అడిగితె చూసుకుంటరు, గంతే.

ఆమె గాబరా పడలే. ఎవలన్న అడిగితె బాగుండని కూసున్నట్టు, చేతుల కాయ చేతులనే పెట్టి నా దిక్కు చూసింది. "అనిపిస్తది అత్తమ్మా. పొద్దుగాల ఎక్కువ, మాపటికి తక్కువ" అన్నది. నేను పంతులమ్మను గద, ఊకుంటనా? పదికి ఎన్ని మార్కులేస్తవో చెప్పు అన్న. ఆలోచించింది. పొద్దుగాల ఎనిమిది అన్నది. మరిప్పుడు అన్న. మూడు అన్నది. "మూడంటె ఫెయిలే, నా బడిల ఫెయిలైనందుకు శభాష్ అనిపించుకున్నది నువ్వొక్కదానివే" అన్న. నవ్వింది జనార్ధన్. పండ్లు కనవడేటట్టు నవ్వింది. నీకు చూపించాలనిపించింది.

ఎనిమిదయినప్పుడు ఒక్కదానివి ఉండకు, నన్ను లేపు అన్న. పొద్దుగాల లేపింది. చాయ తాగుకుంట కూసున్నం. ఏం మాట్లాడుకోలే. గంతే వైద్యం, నాకు వచ్చినంత. నాకు రాంది డాక్టరుకు వస్తది.

డిశ్చార్జి అప్పుడు నేను గా నర్సింగ్ హోం డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పిన. పిల్లగాడు, మీసాలు గుడ సరిగ రాలే. నెత్తి మీది మూట దించినట్టు ఊపిరి తీసుకున్నడు. "నాకు తెలుసమ్మా, మీ ఇంటోళ్లు కడుపునొప్పే రాయుమన్నరు" అన్నడు. పట్నంల మనసు రోగాలకు చూసే డాక్టరమ్మ పేరు చెప్పి, ఆయనే ఫోన్ చేసి మాట్లాడిండు. ఇయ్యాల మధ్యాహ్నం రమ్మన్నది.

గండిమైసమ్మకు తోల్కపోతవా? పో, ఎవలు వద్దన్నరు? నేను గుడ వచ్చి కొబ్బరికాయ కొడ్త. గని తల్లికి ఏమని మొక్కుతవు? కడుపునొప్పి తక్కువ చెయ్యమనా? తల్లి గదే తక్కువ చేస్తది. నువ్వడిగింది గదే గద. తర్వాత తల్లి మీద నారాజైతె ఏం లాభం? ముందు డాక్టరమ్మ కాడికి పోదాం. మొక్కు పారిపోదు.

ఎర్రగడ్డ మెంటల్ దవాఖాన కేసు అంటరు, అననియ్యి. పిచ్చిది అంటరు. నీకు షుగరున్నది, ఊరు నిన్ను షుగరోడు అంటాందా? మాత్ర మింగి మీటింగుకు పోతలేవా? ఆమె గుడ మాత్ర మింగి చిక్కుడుకాయ ఒలుస్తది.

పోలీసు కేసా? ఉన్నదట, గసొంటి సెక్షన్ ఒకటి ఉన్నదట. సావబోయి బతికినోళ్లను బోనుల నిలవెట్టాలని ఎన్నడో తెల్లదొరలు రాసిన్రట. ఎస్సై అడిగితె నేనొస్త నీతోని. "బాబూ, మీరు గీమెను జైల్ల పెడ్తె పక్కన చాయ తాగెతందుకు నన్ను గుడ పెట్టాలె" అని చెప్త. మనిషి కన్న కాయితం ఎక్కువైతె, చూద్దాం ఎంత దూరం నడుస్తదో.

ఇజ్జత్ అంటవా. నిజం చెప్పు, ఇజ్జత్ ఎవలిది పోతాంది, ఆమెదా నీదా? జెడ్పీటీసీకి నిలవడ్డ మనిషి పెండ్లాం గిట్ల చేసిందంటె, ఇంట్ల ఆడిదాన్ని సంబాళించలేనోడు మండలాన్ని ఏం సంబాళిస్తడు అంటరు. అంటరు, నేను కాదంటలేను. గని గా రోజు దవాఖాన మెట్ల కింద గోడకు తల ఆనించి ఏడుస్తుంటివి. నేను చూస్తెనె, దుమ్ము పడ్డది చిన్నమ్మా అంటివి. నువ్వు గుడ నాలుగొద్దుల సంది నిద్రపోలే. నిన్ను ఎవలన్న అడిగిన్రా ఎట్లున్నవని? ఎట్ల అడుగుతరు, కడుపునొప్పికి పెనిమిటి గంత ఏడుస్తడా అనుకుంటరు. నువ్వు కట్టిన పరదాల నువ్వు గుడ ఇరుక్కున్నవ్.

రెండో తప్పు ఏందో అనుకున్న. యాదికొస్తలేదు. పోనీ. నువ్వు చేసినవన్ని ఒక్కటే తప్పు కిందికొస్తయి లే.

ఇగ ఒకటి చెప్త. నువ్వు ఎట్లాగూ వింటవ్, ఎవలో చెప్పేదాని కన్న నా నోట వింటె నయం.

పొద్దుగాల మనోరమకు తోడు మీ మేనత్తను కూసోవెట్టి పాలకేంద్రానికి పోయిన. లైను నిండ ఆడోళ్లు, మగోళ్లు, క్యాన్లు. లక్ష్మమ్మ అడిగింది, మనోరమ కడుపెట్లున్నది టీచరమ్మా అని. మనోరమను అడిగే వచ్చిన, చెప్పాల్నా వద్దా అని. "చెప్పు అత్తమ్మా, అందరు జావ తెస్తుంటె తినలేక సస్తున్న" అన్నది. గందుకని చెప్పిన. "కడుపు మంచిగున్నది. సావబోయింది, దక్కింది. మనసు బాగలేదు, పట్నంల డాక్టరుకు చూపిస్తున్నం. జావలు వద్దు, మనుషులు రార్రి" అని.

పాలు కొలిసే గాలయ్య చేతుల గిన్నె గట్లనే ఆగింది. బుచ్చమ్మ, తిన్నదరగక గాకపోతె ఏంది అన్నది, దానికి దొరికిందే గంత. ఇద్దరు ముగ్గురు మొఖం తిప్పుకున్నరు. లక్ష్మమ్మ క్యాను మూత పెట్టుకుంట, "మాపటికి నేనొస్త, రాత్రికి ఎవలొకరు ఉండాలె గద" అన్నది.

గక్కడితోని అయిపోలే. నేను ఇంటి సందు మలుగుతుంటె ఎనుకకెళ్లి ఒకామె ఉరికొచ్చింది. కొంగు నోట్లె కుక్కుకున్నది. "నాకు గుడ ఉన్నది టీచరమ్మా, కడుపునొప్పి" అన్నది. ఏ కడుపునొప్పో నేను అడగలే, వాము ఇయ్యలే. రేపు పొద్దుగాల చాయకు రమ్మన్న. పేరు చెప్ప. నీకు ఓటు ఏసే మనిషే, నీ మీటింగుల ముందు వరుసల కూసుంటది.

చూసినవా, నువ్వొక్కని ఇజ్జత్ కాపాడుకున్నవ్, ఇంకొకామె ఎవలికి చెప్పాల్నో తెల్వక తిరిగింది.

అయిపోయింది జనార్ధన్. ఊరంత ఎరుకైంది. ఇగ దాసెతందుకు నీ కాడ ఏం లేదు. మస్తు టైం మిగిలింది నీకు, మీటింగులున్నా లేకున్నా.

గదుగో, లేసింది, చెంబు చప్పుడైతాంది. ఆమె మీద గరం కాకు. గరం ఉంటె నా మీద చూపెట్టు, ఇక్కడే కూసొని ఉంట. నన్నేం చేస్తవ్? రిటైరైనదాన్ని, బదిలీ గుడ చేపియ్యలేవు.

చెప్పులిడిసి లోపలికి పో. ఎన్ని మార్కులో నువ్వే అడుగు.